పప్పుజాతి పంటల తెగుళ్ల బ్యాక్టీరియాకు జీనోమ్ సీక్వెన్సింగ్ సేవ: ఏ ప్యాకేజీ తీసుకోవాలి?

చిక్కుడు, సోయా మొక్కలకు తెగుళ్లు తెచ్చే బ్యాక్టీరియాల జీనోమ్‌లను చదివించడానికి మా ప్రయోగశాల కొంతకాలంగా ఒక ప్రైవేటు సీక్వెన్సింగ్ సేవను వాడుతోంది. అందులో రెండు ప్యాకేజీలున్నాయి: ఇల్యూమినా యంత్రం మీద తీసిన 150 బేసుల (డీఎన్‌ఏ అక్షరాల) పొట్టి రీడ్లు, అంటే యంత్రం ఒక్కసారిగా చదివిన డీఎన్‌ఏ ముక్కలు, మాత్రమే ఇచ్చేది ఒకటి, వాటికి నానోపోర్ (డీఎన్‌ఏ పోగును సన్నని రంధ్రం గుండా పంపి చదివే పద్ధతి) పొడవాటి రీడ్లను జోడించి ఇచ్చేది మరొకటి. ఈ పంటల తెగుళ్ల మీద పనిచేసేవారు రెండోదే తీసుకోవాలన్నది నా అభిప్రాయం.

మొదటిది ఎందుకు చాలదో సోయా ఆకుల మీద పొక్కులు లేపే జాంథోమోనాస్ అనే బ్యాక్టీరియాను చూస్తే తెలుస్తుంది. ఇది మొక్క కణాల్లోకి పంపే టేల్ ప్రొటీన్ల మధ్యభాగంలో సుమారు 34 అమైనో ఆమ్లాల ముక్క ఒకదాని వెనుక ఒకటిగా అనేకసార్లు పునరావృతమవుతుంది. ఆ ముక్కల మధ్య తేడా ప్రధానంగా 12, 13 స్థానాల్లోనే ఉంటుంది, మొక్క డీఎన్‌ఏలో ఆ ప్రొటీన్ ఏ అక్షరాన్ని పట్టుకోవాలో నిర్ణయించేవి కూడా ఆ రెండు స్థానాలే. ఒక్కో ముక్కకు జన్యువులో 102 బేసులు పడతాయి కాబట్టి 150 బేసుల రీడ్ ఒకటిన్నర ముక్కకు మించి చూడలేదు. మాకు వచ్చిన పొట్టి రీడ్ల అసెంబ్లీలో (రీడ్లను అతికించి కట్టిన జీనోమ్‌లో) ఈ జన్యువులు కాంటిగ్‌ల, అంటే అతుకు కుదిరిన ముక్కల, అంచుల దగ్గర తెగిపోయి ఉండగా, జన్యువులను గుర్తించి రాసే అనొటేషన్ ఫైలు వాటిని అసంపూర్ణ జన్యువులుగా చూపింది. అదే ఐసొలేట్‌ను (వేరుచేసి పెంచిన బ్యాక్టీరియా నమూనాను) పొడవాటి రీడ్లతో మళ్లీ చదివించినప్పుడు ప్రతి జన్యువూ మొదటి నుంచి చివరి దాకా ఒకే వరుసలో వచ్చింది. వ్యాధికారక శక్తిని పరిశీలించాలనుకునేవారికి ఈ తేడాయే అసలు విషయం.

ప్లాస్మిడ్ల (క్రోమోజోమ్‌కు వేరుగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయాల) విషయమూ ఇలాంటిదే. చిక్కుడు ఆకు మీద మచ్చ చుట్టూ లేతపసుపు వలయం ఏర్పరచే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాలో 1448ఎ అనే స్ట్రెయిన్ (ఉపరకం) పూర్తి జీనోమ్ 2005లోనే వెలువడింది. అందులో 59,28,787 బేసుల క్రోమోజోమ్‌తో పాటు రెండు ప్లాస్మిడ్లున్నాయి. అదే తెగులు కలిగించే మరో స్ట్రెయిన్‌లో సుమారు 106 వేల బేసుల జన్యుద్వీపం (ఒక్కటిగా కదలగల జన్యువుల గుంపు) ఉంది. నిరోధక చిక్కుడు రకం మీద పెరిగినప్పుడు ఆ ద్వీపం క్రోమోజోమ్ నుంచి విడివడి క్రమంగా పోతుంది. మొక్క గుర్తుపట్టే జన్యువు దానితోపాటే పోవడంతో బ్యాక్టీరియా రక్షణను తప్పించుకుంటుంది. ఇలాంటి కదలికలను ముక్కలుగా వచ్చిన అసెంబ్లీలో పసిగట్టడం చాలా కష్టం. అయితే పొడవాటి రీడ్ల తయారీలో పెద్ద డీఎన్‌ఏను ఎంపిక చేసే దశలో చిన్న ప్లాస్మిడ్లు జారిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, పొట్టి రీడ్లు కూడా ఉండటం మంచిదే.

నమూనా మార్గదర్శక పత్రం నాకు తృప్తినివ్వలేదు. జాంథోమోనాస్ స్రవించే జిగురు డీఎన్‌ఏతో పాటు వచ్చేసి నానోపోర్ రంధ్రాలను మూసేస్తుందని అందులో ఎక్కడా లేదు; పరిమాణం ఎంత ఉండాలో మాత్రమే ఉంది. కణాల ముద్ద పంపితే వారే సీటీఏబీ అనే, జిగురును తొలగించే పద్ధతిలో డీఎన్‌ఏ తీసి ఇస్తారు, ఆ పని శ్రద్ధగా చేస్తున్నారు. జాంథోమోనాస్ పంపేవారు ఈ మార్గమే ఎంచుకోవడం మేలు.

నివేదికలో సంపూర్ణత, కలుషితం, కవరేజీ (ప్రతి బేసును సగటున ఎన్నిసార్లు చదివారో) అంకెలు స్పష్టంగా ఉన్నాయి, రీడ్లుండే ముడి ఫాస్ట్‌క్యూ ఫైళ్లు కూడా అడగకుండానే ఇస్తున్నారు. అభ్యంతరం ఒక్కటే: డేటాబేసులో అతి దగ్గరి జీనోమ్ పేరు చూసి, నమూనాకు పాథోవార్ (ఏ పంటకు సోకుతుందో దాన్నిబట్టి జాతిలో చేసే విభాగం) పేరు కూడా తగిలిస్తున్నారు. రెండు జీనోమ్‌ల మధ్య సగటు న్యూక్లియోటైడ్ (బేసుల) సారూప్యం 95 శాతానికి పైగా ఉంటే ఒకే జాతి అనవచ్చు. కానీ చిక్కుడుకు సోకే సూడోమోనాస్ సవస్తనోయ్ ఫేసియోలికోలా, సోయాకు సోకే గ్లైసీనియా ఆ లెక్కన ఒకే జాతివి. ఏది ఏ పంటను పట్టిందో మొక్కకు సోకించి చూస్తేనే ఖాయమవుతుంది. అందుకే ఆ కాలమ్‌లో జాతి పేరు వరకు ఆపి, పాథోవార్ గడిని ఖాళీగా వదలమని సంస్థను కోరాం. వారు ఆ మార్పు చేసేదాకా, ఈ నివేదికలోని పాథోవార్ పేరును ఎవరూ అలాగే ప్రచురణలోకి తీసుకోవద్దు.