ఫిజిక్సూ కాదు, కెమిస్ట్రీ కాదు: క్వాంటం కెమిస్ట్రీ పుట్టుక మీద ఒక మంచి పుస్తకం

ఇంటర్ ఫస్టియర్‌లో రసాయన బంధం పాఠం చదివినవాళ్ళకు ఈ వరస గుర్తుండే ఉంటుంది. ముందు వేలన్స్ బాండ్ సిద్ధాంతం (పరమాణువులు ఎలక్ట్రాన్ జతలను పంచుకుని కలుస్తాయనేది), తర్వాత హైబ్రిడైజేషన్, ఆ వెంటనే మాలిక్యులర్ ఆర్బిటాల్ సిద్ధాంతం (ఎలక్ట్రాన్లు అణువు మొత్తానికీ చెందుతాయనేది), బాండ్ ఆర్డర్ లెక్కలు, అయిపోయింది. ఉన్నది ఒకటే బంధం కదా, రెండు సిద్ధాంతాలు ఎందుకొచ్చాయి, వాటిని తెచ్చినవాళ్ళు ఎవరితో ఏం వాదించారు అనేది క్లాసులో ఎవరూ చెప్పరు. కోస్టాస్ గావ్రోగ్లు, అనా సిమోయిష్ కలిసి రాసిన 'నైదర్ ఫిజిక్స్ నార్ కెమిస్ట్రీ' (ఎం.ఐ.టి. ప్రెస్, 2012) మొత్తం దాని గురించే. తేలిగ్గా సాగే పుస్తకం కాదు, అయినా కెమిస్ట్రీ చెప్పే లెక్చరర్లూ, ఎమ్మెస్సీ పిల్లలూ తప్పకుండా చదవాలని గట్టిగా చెబుతాను.

కథ 1927లో మొదలవుతుంది. జూరిక్‌లో ఇద్దరు కుర్ర ఫిజిసిస్టులు, వాల్టర్ హైట్లర్, ఫ్రిట్జ్ లండన్, హైడ్రోజన్ అణువులో రెండు పరమాణువులు ఎందుకు కలిసి ఉంటాయో క్వాంటం మెకానిక్స్‌తో (ఎలక్ట్రాన్ల లాంటి సూక్ష్మకణాల తీరు చెప్పే శాస్త్రంతో) చూపించారు. వాళ్ళ లెక్కలో కొరకరాని కొయ్యగా మిగిలిన ఒక ఇంటిగ్రల్‌ని జపాన్ శాస్త్రవేత్త సుగియురా అదే ఏడాది సాధించాడు. బంధ శక్తి 3 ఎలక్ట్రాన్ వోల్టులకు కాస్త పైన వచ్చింది, ప్రయోగంలో చూస్తే సుమారు 4.7. అంకె అంత తేడాగా ఉన్నా, బంధం ఎందుకు ఏర్పడుతుందో మాత్రం తేలిపోయింది. రెండేళ్ళ తర్వాత బ్రిటిష్ ఫిజిసిస్టు డిరాక్, ఇక రసాయన శాస్త్రానికి కావలసిన మూల సూత్రాలన్నీ తెలిసిపోయాయని, సమస్యల్లా ఆ సమీకరణాలు సాధించలేనంత జటిలంగా ఉండటమేనని రాశాడు. చాలామంది చరిత్రను ఇక్కడే ఆపేసి, మిగతాదంతా కంప్యూటర్లు పెరిగేదాకా ఎదురుచూడటమే అన్నట్టు చెబుతారు. ఈ పుస్తకం అలా ఆపదు, అందుకే నాకు ఇంత నచ్చింది. సమీకరణం సాధ్యమయ్యేదాకా కెమిస్టులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు, తమకు పనికొచ్చే నియమాలు తామే తయారుచేసుకున్నారు, ఒక కొత్త శాస్త్రం నిలబడింది ఆ పట్టుదల వల్లే అన్నది రచయితల వాదన. చదివాక నాకూ అదే నిజమనిపించింది.

అన్నిటికంటే బాగున్నది రెండో అధ్యాయం, అమెరికా గురించి. వేలన్స్ బాండ్ పక్షాన ఉన్న పాలింగ్ 1931 నుంచి వరసగా రాసిన పేపర్లలో లెక్క కంటే కెమిస్టు చేతికి అందే బొమ్మే ముఖ్యమని ఎలా నమ్మాడో, అదే సమయంలో మాలిక్యులర్ ఆర్బిటాల్ పక్షాన ఉన్న మల్లికన్ అణువుల స్పెక్ట్రాల (అవి పీల్చే, వదిలే కాంతి గీతల) నుంచి పైకి వస్తూ అసలు అణువుని పరమాణువుల జోడింపుగా చూడటమే ఎందుకు సరికాదన్నాడో పక్కపక్కనే చదువుతుంటే, పాఠంలో ఒకదాని వెనక ఒకటి పడి ఉన్న ఆ రెండు సిద్ధాంతాలకీ ప్రాణం వస్తుంది. పాలింగ్‌కి 1954లో నోబెల్ వచ్చింది, మల్లికన్ 1966 దాకా ఆగాల్సి వచ్చింది. పాలింగ్‌కీ, ఆయన దగ్గరే పనిచేసిన వీలండ్‌కీ మధ్య రెజోనెన్స్ (ఒకే అణువుని రెండు మూడు బంధాల బొమ్మల కలయికగా చూడటం) గురించి జరిగిన చర్చ మరీ బాగుంది. రెజోనెన్స్ కేవలం మనిషి కల్పించుకున్న భావన అని వీలండ్ అంటే, అలాగైతే డబుల్ బాండ్ కూడా అంతే కదా అని పాలింగ్ అంటాడు. బెంజీన్ పాఠం చెప్పే ముందు ఆ రెండు మాటలూ పిల్లలకు చెబితే వాళ్ళు బొమ్మని చూసే తీరే మారిపోతుంది.

బ్రిటన్ అధ్యాయంలో లెనార్డ్-జోన్స్, హార్ట్రీ, కూల్సన్ వస్తారు. వీళ్ళకి ఇదంతా అప్లైడ్ మ్యాథమెటిక్స్. రిటైరైన తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని చేత్తో లెక్కలు వేసిన హార్ట్రీ, 1934లో మాంచెస్టర్‌లో పిల్లల మెకానో సెట్ ముక్కలతోనే డిఫరెన్షియల్ ఎనలైజర్ (సమీకరణాలు సాధించే యంత్రం) కట్టించాడు. తర్వాతి అధ్యాయం కంప్యూటర్లది. 1959లో బౌల్డర్ కాన్ఫరెన్స్‌లో కూల్సన్ మాట్లాడుతూ, కంప్యూటర్‌తో కచ్చితమైన అంకెలు కావాలనేవాళ్ళూ, అంకెలకంటే భావనలు కావాలనేవాళ్ళూ రెండు గుంపులుగా విడిపోతున్నారని ఆందోళనపడ్డాడు. ఈరోజు లాప్‌టాప్‌లో ఇన్‌పుట్ ఫైల్ పెట్టి, డి.ఎఫ్.టి. (ఎలక్ట్రాన్ల సాంద్రత నుంచి ఎనర్జీ లెక్కగట్టే పద్ధతి) రన్ చేసి, వచ్చిన ఎనర్జీని పేపర్లో పెట్టేస్తున్న మనందరికీ ఆ ఆందోళన సూటిగా తగులుతుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఏళ్ళపాటు పనిచేసిన కెమిస్టు జెమ్మిస్, భావనలకే పెద్దపీట వేసిన అమెరికన్ కెమిస్టు హోఫ్‌మన్ దగ్గర శిష్యరికం చేసి వచ్చినవారే. కూల్సన్ చెప్పిన రెండో గుంపు ఆలోచన అలా మన ఊరిదాకా కూడా వచ్చింది.

లోపాలూ ఉన్నాయి. వాక్యాలు పొడుగు, పేరాలు మరీ పొడుగు. వేవ్ ఫంక్షన్ అంటే తెలియనివాళ్ళకు మొదటి అధ్యాయంలోనే టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే రచయితలు ఆగి ఏదీ వివరించరు. చివరి అధ్యాయం చరిత్ర ఎలా రాయాలన్న చర్చ, కెమిస్ట్రీ కోసం వచ్చినవాళ్ళు దాన్ని వదిలేసినా నష్టం లేదు. నాకు ఇంకా ఎక్కువగా కావాలనిపించింది మనుషుల కథ. నాజీలు వచ్చాక ఫ్రిట్జ్ లండన్ ఇంగ్లండ్, ఫ్రాన్స్ తిరిగి అమెరికా చేరాడు. జర్మన్ శాస్త్రవేత్త హన్స్ హెల్‌మన్, భార్య యూదురాలు కావడంతో జర్మనీలో ఉద్యోగం పోయి మాస్కో వెళ్ళాడు, 1937లో క్వాంటం కెమిస్ట్రీ మీద పూర్తి పాఠ్యపుస్తకం తెచ్చాడు, మరుసటి ఏడాదే స్టాలిన్ పోలీసులు పట్టుకెళ్ళి కాల్చి చంపారు. ఇలాంటి జీవితాలకి ఒక అధ్యాయం మొత్తం ఇచ్చినా తక్కువే.

ధర విద్యార్థులు భరించేది కాదు కాబట్టి ముందు మీ యూనివర్సిటీ లైబ్రరీలో అడగండి, లేకపోతే తెప్పించమని ఇండెంట్ పెట్టించండి. దొరికాక మాత్రం మొదటి పేజీ నుంచి కాకుండా, రెండో అధ్యాయం చదివి అప్పుడు వెనక్కి వెళ్ళండి.