ఆమ్‌స్టర్‌డామ్‌లో వెండి నాణెం కొనాలంటే జేబులో కాటా ఉండాలి

పాత డచ్చి వెండి నాణేల మోజుతో ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళేవాళ్ళు టూరిస్టుల కోసం తెరిచిన కొట్ల జోలికి పోకండి. బుధ, శనివారాల్లో న్యూవెజైడ్స్ ఫోర్‌బుర్గ్‌వాల్ వీధిలో స్టాంపుల, నాణేల సంత జరుగుతుంది. అక్కడికే పోండి.

మేం శుక్రవారం దిగాం. సంత దాకా ఆగలేక ఓ కొట్లో దూరాం. బీరువాలో లేవెన్‌డాల్డర్ అనే పాత డచ్చి వెండి నాణెం కనబడింది. స్పెయిన్ మీద తిరుగుబాటు నడుస్తుండగా 1575లో హాలండ్ కొట్టడం మొదలుపెట్టిన రకం. ఒకవైపు డాలు వెనక యోధుడు, రెండోవైపు వెనక్కాళ్ళ మీద లేచిన సింహం. 240 యూరోలట! అక్షరాలు అరిగిన సబ్బు మీదవాటిలా ఉన్నాయి. అంచు తడిమితే సన్నటి అతుకు గోటికి తగిలింది. అసలువి అచ్చు పెట్టి సుత్తితో కొట్టినవి, వాటికి అతుకెక్కడిది? కాటా తీసి తూచాను. 22.4 గ్రాములు. ఉండాల్సింది 27.68. ఎంత అరిగినా ఐదు గ్రాములు పోతుందా? ఆ మాట అనగానే కొట్టాయన నాణెం లాక్కుని తలుపు చూపించాడు. మా బావమరిది ముఖం మాడిపోయింది. "ఈ చిల్లర కోసమా బావా, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఈడ్చుకొచ్చావు?"

బస మరో బాధ. రాత్రికి 120 యూరోలు, దానిమీద నగరం వేసే 12.5 శాతం పన్ను, నిచ్చెనలాంటి మెట్లు మూడంతస్తులు, లిఫ్టు లేదు. హాయిగా పక్క ఊరు హార్లెమ్‌లో దిగండి. రైల్లో ఇరవై నిమిషాల లోపే. 1784లో తెరిచిన టేలర్స్ మ్యూజియం అక్కడే ఉంది, నాణేలూ పతకాలూ చూడొచ్చు.

శనివారం సంతలో ఓ పెద్దాయన భూతద్దం, తూకం రెండూ తనే ముందుకు జరిపాడు. ఉట్రెక్ట్ టంకశాల లేవెన్‌డాల్డర్, 26.8 గ్రాములు. సింహం మొహం సరిగా పడలేదు. ఈ రకంలో అది మామూలే, వెండి కూడా 75 శాతమే. పైఅంచున ఎప్పుడో కొక్కెం అతికించి ఊడదీసిన మచ్చ ఉంటే, నేను అడక్కముందే వేలు పెట్టి చూపించాడు. 95 చెప్పి 85కి ఇచ్చాడు. పక్కనే గుర్రపు రౌతు బొమ్మ ఉన్న డుకటోన్ అనే వెండి నాణెం, 32 గ్రాముల పైచిలుకు బరువు, 420 యూరోలు. దాన్ని చూసి దండం పెట్టి వచ్చేశాను.

ఈలోగా మా బావమరిది డచ్చి ఈస్టిండియా కంపెనీ గుర్తున్న డ్యూట్‌లనే రాగి చిల్లర నాణేలు ఏరుతున్నాడు. వాళ్ళకి బందరులో వర్తకపు కోఠీ ఉండేదని చెప్పాను, అంతే, రెండు కొన్నాడు, ఒక్కోటి 4 యూరోలు. మధ్యాహ్నం దాకా కదల్లేదు.

నోట్లు వెంట ఉంచుకోండి, కార్డులు అన్ని బల్లల దగ్గరా తీసుకోరు.