ఇసబ్‌గోల్ పొట్టు: కొనదగిన సరుకే, నీళ్లు తాగే ఓపిక ఉన్నవారికి

పాలకొల్లులోనైనా, అమలాపురంలోనైనా ఏ మందుల షాపులో అడిగినా డాక్టరు చీటీ లేకుండానే దొరికే ఇసబ్‌గోల్ పొట్టును ఇంట్లో పెద్దవారి మలబద్ధకం కోసం కొని, కొంతకాలంగా వాడుతున్నాము. రంగు, రుచి, చక్కెర కలపని మామూలు పొట్టు గురించే ఈ సమీక్ష. సరుకు మంచిదే. అయితే మేము కొన్న డబ్బా మీద ముందువైపు హామీలు పెద్ద అక్షరాల్లో ఉండగా, అన్నిటికన్నా అవసరమైన వాడే విధానం వెనుకవైపు చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. తెలుగు మాత్రమే చదవగలిగిన పెద్దవారికి అది అందకపోవడం ఈ సరుకులో నాకు కనిపించిన మొదటి లోపం.

గుజరాత్, రాజస్థాన్‌లలో చలికాలపు పంటగా పండే ఒక చిన్న మొక్క గింజల పైపొర ఇది. గుజరాత్‌లోని ఉంఝా మార్కెట్ దీని వ్యాపారానికి పెట్టింది పేరు. ఈ పొట్టు పేగులను రెచ్చగొట్టదు. తాను పెద్దగా అరగకుండా నీటిని పట్టి ఉంచి, మలాన్ని మెత్తబరచి, దాని పరిమాణాన్ని పెంచుతుంది, అప్పుడు పేగు తన పని తానే చేసుకుంటుంది. చెంచాడు పొట్టును గ్లాసు నీళ్లలో కలిపి చూడండి: మొదట పైన తేలుతుంది, తరువాత ఒక్కొక్క రేకూ ఉబ్బుతుంది, తాగకుండా కాసేపు పక్కన పెడితే గ్లాసంతా సగ్గుబియ్యం జావలా చిక్కబడి చెంచాకు పట్టుకుంటుంది. గొంతులో అలా చిక్కబడితే ప్రమాదం కనుక కలిపిన వెంటనే తాగాలి, పొడిగా నోట్లో వేసుకోకూడదు, తాగగానే పడుకోకూడదు. ఒక చెంచాకు కనీసం 240 మిల్లీలీటర్లు, అంటే నిండు గ్లాసు నీళ్లు కావాలి. ఆపైన ఇంకొక గ్లాసు తాగితే మరీ మంచిది. నీళ్లు తక్కువైతే ఉన్న మలబద్ధకం ఇంకా బిగుస్తుంది.

రాత్రి వేసుకుంటే తెల్లవారేసరికి కడుపు ఖాళీ అవుతుందని ఆశించేవారికి ఇది నచ్చదు. ఫలితం కనిపించడానికి 12 నుంచి 72 గంటల వరకు పడుతుంది. మొదట్లో పొట్ట ఉబ్బరం, గ్యాసు ఉంటాయి కాబట్టి రోజుకు ఒక చెంచాతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచడమే మేలు. ఇతర మాత్రలు ఒంటికి పట్టకుండా ఈ పొట్టు అడ్డుపడవచ్చు కనుక, వాటికీ దీనికీ మధ్య రెండు గంటల ఎడం ఉంచాలి.

అదే షాపులో, పక్క అరలోనే, ‘పూర్తిగా సహజం’ అని రాసి ఉన్న చూర్ణాలు వరుసగా కనిపిస్తాయి. వాటిలో చాలావాటిలో సునాముఖి ఆకు ఉంటుంది. అది పేగు కండరాలను ప్రేరేపించి ఆరు నుంచి పన్నెండు గంటల్లో విరేచనం చేయిస్తుంది. ఎప్పుడో ఒకసారికి ఫరవాలేదు గాని, వారం దాటి వాడవలసి వస్తే వైద్యుణ్ణి అడగాలి. ఆకు సహజమైనంత మాత్రాన మందు మందు కాకుండా పోదు. మన పెద్దలు పిల్లలకు పట్టిన ఆముదం కూడా ఇటువంటిదే, ఇంకా తొందరగా పనిచేస్తుంది. గర్భిణులు దాని జోలికి పోకూడదు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిపిన త్రిఫల చూర్ణం వీటికన్నా మృదువైనదే, కాని దాని వగరును రోజూ భరించేవారు మా ఇంట్లో ఎవరూ లేరు.

పెద్దవారికి రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు అవసరమైతే, చెంచాడు పొట్టు ఇచ్చేది అందులో చిన్న వాటా మాత్రమే. మిగిలినది కంచంలోంచే రావాలి. గోదావరి డెల్టాలో మనం మూడు పూటలకూ చాలినంత వడ్లు చూస్తాము గాని, మిల్లులో తెల్లగా పట్టించుకుని తవుడంతా గేదెలకు పోసి, ఆ తెల్లన్నంలోకి వేపుడు, చేపల పులుసు, ఆవకాయ కలుపుకొని, కూరగాయను నంజుకోవడానికే పరిమితం చేస్తాము. అలాగని దూరపు సరుకు వెతకనక్కరలేదు: కంద బచ్చలి కూర, పనసపొట్టు కూర, అరటి దూట పెరుగుపచ్చడి, చలికాలపు తేగలు, గింజలతో సహా నమిలే జామకాయ, అన్నీ మన ఊళ్లలోవే. అరటిపండైతే బాగా మగ్గిన చక్కెరకేళి తినాలి. పచ్చివాటం పండు కొందరికి బిగుసుకుపోయేలా చేస్తుంది. కంద బచ్చలి వారానికి రెండుమార్లు వండిన నెలలో డబ్బా వాడకం కొంత తగ్గడం గమనించాను.

ఇంకొకటి, డబ్బు ఖర్చు లేనిది. పొద్దున్న టిఫిను తిన్న తరువాత పెద్దపేగు సహజంగానే కదులుతుంది, ఆ సమయానికి బస్సు కోసం పరుగెత్తకుండా తీరిగ్గా కూర్చోవాలి. కొత్త ఇళ్లలో కమోడ్ ఉన్నవారు పాదాల కింద చిన్న పీట వేసుకుంటే పాత పద్ధతిలో గొంతుక్కూర్చున్న వీలు కొంత దొరుకుతుంది.

మింగడం కష్టమైనవారు, పేగులో అడ్డంకి ఉన్నవారు ఈ పొట్టు కొనకూడదు. మలంలో రక్తం, వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, నడివయసు దాటాక కొత్తగా మొదలైన మార్పు, ఇవేవి ఉన్నా మందుల షాపుకు కాదు, ఆసుపత్రికి వెళ్లాలి. ఐరన్ మాత్రలు, కొన్ని నొప్పి మాత్రలు కూడా మలబద్ధకం తెస్తాయి కాబట్టి, వేసుకుంటున్న మందుల జాబితాను వైద్యుడికి ఒకసారి చూపించాలి.

కొనేటప్పుడు నారింజ రుచి కలిపిన రకాన్ని చక్కెర వ్యాధి ఉన్నవారు పదార్థాల పట్టిక చదవకుండా తీసుకోవద్దు, వాటిలో చాలావాటిలో చక్కెర ఉంటుంది. పెద్ద ప్యాకెట్ గ్రాముకు చవకే, కాని మన గోదావరి గాలి తేమకు తెరిచిన ప్యాకెట్‌లో పొట్టు ఉండలు కడుతుంది. అందుచేత చిన్న ప్యాకెట్ తీసుకొని మరమూత ఉన్న పొడి సీసాలో పోసుకోవడం మంచిది. అయిదింటికి నాలుగు మార్కులు ఇస్తాను. ఆ మిగిలిన ఒక్కటి వాడే విధానాన్ని తెలుగులో అచ్చువేసిన రోజున ఇస్తాను.