మహారాష్ట్రలోని సిరోంచా దగ్గర అడవి మొక్కల నర్సరీ: రెండు వానాకాలాల తరువాత

"మీది రేగడా, చెల్కనా అక్కా?"

నేను ధర అడిగేలోపే నర్సరీ తమ్ముడు ఈ మాట అడిగాడు. మాకు రెండూ ఉన్నాయి. ప్రాణహిత వైపు పల్లంలో నల్లరేగడి, ఇంటి వెనక మెరకలో రాళ్ళు కలిసిన ఎర్ర చెల్క. రెండు చోట్ల నుంచీ గుప్పెడేసి మట్టి తెమ్మన్నాడు. మర్నాడు తీసుకెళ్తే తడిపి అరచేతుల మధ్య నలిపాడు. రేగడి దారంలా సాగింది. చెల్క పొడిపొడిగా విరిగిపోయింది.

"ఎండలకు రేగడి బీటలు వారితే లేత వేళ్ళు తెగుతాయి, వానలకు నీళ్ళు నిలుస్తాయి. రెండూ ఓర్చుకునేవే పెట్టాలి" అని పల్లానికి మోదుగ, నల్లమద్ది ఇచ్చాడు. మెరకకు ఇప్ప, తునికి, ఉసిరి. పల్లంలో నాలుగు టేకు మొక్కలు కూడా వేద్దామనుకున్నాను. నీళ్ళు నిలిచే చోట టేకు ఎదగదని ఇవ్వనన్నాడు. చేతిలో సరుకు ఉండీ వద్దని చెప్పిన నర్సరీని నేను ఇదే చూడటం.

ఇప్ప మొక్కల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇప్ప గింజ ఎక్కువ రోజులు నిలవ ఉండదు, కాయ రాలిన కొద్ది రోజుల్లోనే విత్తుకోవాలి. తల్లివేరు లోతుకు దిగుతుంది. అందుకే వీళ్ళు పొడవాటి సంచుల్లో పెంచుతున్నారు. ఒక సంచి చింపి చూశాను, వేరు నిటారుగా ఉంది. అంతకుముందు వేరే చోట కొన్న ఇప్పలు చిన్న సంచుల్లో వేళ్ళు చుట్టలు చుట్టుకుని ఉండేవి. ఒక్కటీ బతకలేదు, చాలా బాధపడ్డాను. ఇక్కడివి ఐదూ బతికాయి, నడుమెత్తు పెరిగాయి.

తునికి మాత్రం నాలుగింటిలో రెండు పోయాయి, మిగిలినవి ఇంకా జానెడే. అది మెల్లగా పెరిగే చెట్టని ముందే చెప్పాల్సింది. పేర్ల చీటీలు మరాఠీలోనే ఉన్నాయి. మోహ అంటే ఇప్ప అని అందరికీ తెలుసు గానీ, పళస్ దగ్గర మా అత్తమ్మ ఆగిపోయి, ఆకు పట్టుకుని చూశాకే "మన మోదుగే కదా" అంది. సగం ఊరు తెలుగు మాట్లాడే చోట తెలుగు పేరు కూడా రాయాలి.

మొక్క నలభై రూపాయలు. వెళ్ళేవాళ్ళు మొదటి వానలు పడ్డాక వెళ్ళండి, మీ మట్టి కాస్త మూటగట్టుకుని వెళ్ళండి. ఈసారి మొర్రి మొక్కలు కావాలని చెప్పి వచ్చాను.