డెత్ బ్యాండ్ ‘హ్యూమన్’ ఆల్బమ్: డెత్ మెటల్ అసలు వినని వాళ్ల కోసం

డెత్ మెటల్ అంటే గిటార్లు, డ్రమ్స్ మహా జోరుగా మోగుతుంటే గొంతు చించుకుని అరిచినట్టు పాడే రాక్ సంగీతం. అందులో ఒక్క పాట కూడా వినని వాళ్ల కోసం ఇది రాస్తున్నా. మొన్నమొన్నటి దాకా నేనూ ఆ బాపతే. ఇళయరాజా, కీరవాణి, సద్దుల బతుకమ్మ నాడు మైకులో వచ్చే పాటలు, బరాత్‌లో బ్యాండు, ఇంతే నా సంగీతం. వరంగల్ నిట్‌లో చదివే మా మేనల్లుడు ఈ ఆల్బమ్ పంపి, “మామా, గొంతు సంగతి తర్వాత చూద్దువు గానీ, ముందు డ్రమ్స్ మీద మనసు పెట్టు” అన్నాడు. కొత్తవాళ్లకు నేనూ అదే చెప్తా.

బ్యాండ్ పేరే డెత్, అమెరికాలో ఫ్లోరిడా వాళ్లు. పాటలు రాసేది, పాడేది, గిటార్ వాయించేది చక్ షుల్డినర్. 1987లో వచ్చిన వీళ్ల మొదటి ఆల్బమ్ నిండా నెత్తురు, శవాలే. 1991లో వచ్చిన ఈ నాలుగో ఆల్బమ్‌కు వచ్చేసరికి పక్కన వాయించే వాళ్లందరినీ మార్చేశాడు: డ్రమ్స్ షాన్ రైనర్ట్, రెండో గిటార్ పాల్ మాస్విడల్, బేస్ (లోతైన స్వరాల గిటార్) స్టీవ్ డిజార్జియో. టాంపాలోని మోరిసౌండ్ స్టూడియోలో నిర్మాత స్కాట్ బర్న్స్‌తో కలిసి రికార్డ్ చేశారు. రైనర్ట్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు, మాస్విడల్ కూడా ఆ ఈడువాడే. ఆ వయసులో ఆ చేయి ఎట్లా తిరిగిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మొత్తం 8 ట్రాకులు, 34 నిమిషాలు. కాజీపేటలో ప్యాసింజర్ ఎక్కి మొదలుపెడితే జనగామ రాకముందే అయిపోతుంది.

మొదటి పాట ‘ఫ్లాటెనింగ్ ఆఫ్ ఎమోషన్స్’ మొదలయ్యే తీరు మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వినండి. ముందు ఏమీ వినపడదు, తర్వాత ఎక్కడో దూరం నుంచి డ్రమ్స్ ఒక్కటే మెల్లగా దగ్గరికొస్తూ, పెరుగుతూ పెరుగుతూ వస్తాయి. ఐలోని మల్లన్న జాతరకు పోతే గుడి ఇంకా కనపడకముందే ఒగ్గు డోళ్లు వినపడి, దగ్గరికి నడిచే కొద్దీ ఆ దెబ్బ ఛాతీలో తగులుతుంది చూడండి, అచ్చం అట్లా ఉంటుంది. ఆ డ్రమ్స్ మీదికి గిటార్లు వచ్చి పడతాయి, అప్పుడు మొదలవుతుంది గొంతు. రెండు కాళ్లతో రెండు పెడళ్లు తొక్కుతూ కింద అంత వేగం నడుపుతున్నా, పైన చేతులతో డ్రమ్స్ మీది ఇత్తడి తాళాలను రైనర్ట్ ఎంత సున్నితంగా తాకుతాడో గమనించండి. ఫోన్ స్పీకర్లో పెడితే ఈ సంగతులన్నీ కలిసిపోయి వట్టి గోలలా వినపడుతుంది. చాలామంది ఈ సంగీతాన్ని అక్కడే వదిలేస్తారని నా అనుమానం.

ఇక గొంతు. అది అరుపే, కాదనను. మొదట్లో ఒక్క మాట కూడా అర్థం కాదు, అందుకే సాహిత్యం పక్కన పెట్టుకుని చదువుతూ వినండి. అప్పుడు తెలుస్తుంది ఈ మనిషి దేని గురించి అరుస్తున్నాడో. ‘టుగెదర్ యాజ్ వన్’ శరీరాలు అతుక్కుని పుట్టిన కవలల గురించి. ‘సూసైడ్ మెషిన్’ పేరు చూసి నేను వేరే ఏదో ఊహించుకున్నా గానీ, అది నయం కాని జబ్బుతో నరకం అనుభవిస్తున్న మనిషి గురించి, ఆ మనిషి ఇంకా ఎంతకాలం బాధపడాలో ఎవరు నిర్ణయించాలి అనే దాని గురించి. ఈ పాట వచ్చిన పదేళ్లకు, 2001 డిసెంబర్‌లో, మెదడులో కణితితో చక్ పోయాడు. 34 ఏళ్లకే. ఆ సంగతి తెలిశాక ఈ పాటను నేను తేలిగ్గా వినలేకపోతున్నా, గొంతు గురించి ఉన్న అభ్యంతరం కూడా ఇక్కడే పోయింది. ఇంత బాధను తియ్యగా పాడితే నమ్మేవాణ్ణి కాదు.

నాకు బాగా నచ్చింది ‘లాక్ ఆఫ్ కాంప్రహెన్షన్’. మొదట గిటార్ మెత్తగా, ఎంత ప్రశాంతంగా మొదలవుతుందంటే వేరే ఆల్బమ్‌లోకి వచ్చామా అనిపిస్తుంది, ఆ తర్వాత ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. పాట నాలుగు నిమిషాలు కూడా లేదు, కానీ అందులో ఎన్ని మలుపులో! ఏడో ట్రాక్ ‘కాస్మిక్ సీ’లో గొంతే లేదు, వాద్యాలే. మధ్యలో అన్నీ వెనక్కి తగ్గి, సింథ్ (కీబోర్డు లాంటి ఎలక్ట్రానిక్ వాద్యం) మీద బేస్ ఒక్కటే తేలుతూ వచ్చే చోటు ఉంది, అక్కడ కళ్లు మూసుకోవాల్సిందే. గొంతు వల్లే మీకు ఇబ్బందైతే ఆల్బమ్‌ను ఇక్కడి నుంచి మొదలుపెట్టి, తర్వాత ‘లాక్ ఆఫ్ కాంప్రహెన్షన్’కు రండి, అప్పుడు మొదటి పాటకు వెళ్లండి.

అన్నీ బాగున్నాయని చెప్పను. ‘సీ త్రూ డ్రీమ్స్’, ‘వేకెంట్ ప్లానెట్స్’ దగ్గరికి వచ్చేసరికి కొత్త చెవికి రెండూ ఒకటే పాటలా అనిపిస్తాయి. గొంతు కూడా మొదటి నుంచి చివరి దాకా దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది, మధ్యలో ఎక్కడైనా కొంచెం దిగితే బాగుండేది. అన్నిటికంటే పెద్ద లోపం, వాద్యాలన్నీ కలిపి ఏది ఎంత వినపడాలో సర్దిన 1991 నాటి మిక్స్‌లో బేస్. డిజార్జియో లాంటి వాణ్ణి పెట్టుకుని, అతను వాయించినదంతా గిటార్ల కింద పూడ్చేశారు, చెవులు రిక్కించినా చాలా చోట్ల దొరకదు. ఇది నాకు నిజంగా కోపం తెప్పించింది.

2011లో మళ్లీ మిక్స్ చేసి విడుదల చేసిన దాంట్లో బేస్ శుభ్రంగా వినిపిస్తుంది, ఆ వేళ్లు ఏం చేస్తున్నాయో ఒక్కొక్కటీ తెలుస్తుంది. పాతదాని మీద ప్రేమ ఉన్నవాళ్లు ఒప్పుకోకపోవచ్చు గానీ, కొత్తగా వినేవాళ్లు మాత్రం పెట్టే ముందు ఏ ఎడిషనో ఒకసారి చూసుకుని, 2011 నాటిదే వినండి.