ఇబోగా వేరు, ఇబోగైన్ మాత్ర, నాలుక కింద బిళ్ళ: ఏది మేలు?

హెరాయిన్ అలవాటును ఒక్క రాత్రిలో వదిలించే ఆఫ్రికా వేరు ఒకటుందట, నిజమేనా? వీడియోలు చూసినవాళ్ళు అడుగుతున్న ప్రశ్న ఇది. వేరు ఉన్నమాట నిజం. ఆ ఒక్క రాత్రి సంగతే తేలాలి. అందుకు మూడింటిని పక్కపక్కన పెట్టి చూడాలి: గాబన్ దేశంలో బ్విటీ అనే మతపు దీక్షలో తినే ఇబోగా వేరు బెరడు, ఆ వేరు నుంచి తీసి మెక్సికో క్లినిక్కుల్లో ఇచ్చే ఇబోగైన్, హెరాయిన్ అలవాటు చికిత్సకు మన దేశంలోనూ దొరికే బుప్రినార్ఫిన్, మెథడోన్ అనే మందులు.

ఇబోగా గన్నేరు కుటుంబపు మొక్క, అంటే మన నందివర్ధనానికి దగ్గరి చుట్టమే. నందివర్ధనంలోనూ ఆ తరహా ఆల్కలాయిడ్లు, అంటే ఒంటి మీద గట్టిగా పనిచేసే మొక్కల రసాయనాలు, ఉన్నాయి. అలాగని పెరట్లో వేళ్ళు తవ్వి ప్రయోగాలు చేసేరు, ప్రాణాల మీదికి వస్తుంది.

ముందు గాబన్ సంగతి. మిత్సోగో, అపింజీ జనాల దగ్గర పుట్టిన బ్విటీని తర్వాత ఫాంగ్ జాతివాళ్ళు అందుకుని, క్రైస్తవాన్ని కూడా అందులో కలుపుకున్నారు. వేటగాళ్ళు అలసట, ఆకలి తెలియకుండా ఈ బెరడును కొద్దికొద్దిగా నమిలేవారు. దీక్ష వేరే వ్యవహారం. బోలెడంత బెరడు తినిపిస్తారు. రాత్రంతా ఎనిమిది తీగల ఎన్గోంబీ వీణ మోగుతూనే ఉంటుంది. వాంతులు, నిలబడలేనితనం, కళ్ళ ముందు దృశ్యాలు. దీక్ష తీసుకునే మనిషి పక్కనే తల్లి, తండ్రి స్థానంలో పెద్దలు కూర్చుంటారు. పూర్వీకులను చూసి రావడం, వాళ్ళ మాట వినడం దీని ఉద్దేశం. జబ్బుపడ్డవాళ్ళు, కష్టాల్లో ఉన్నవాళ్ళు కూడా దీక్ష తీసుకుంటారు గానీ, మత్తు మాన్పించడం కోసం పుట్టిన ఆచారం కాదిది. తెల్లారాక కూడా ఆ మనిషి అదే ఊళ్ళో, అదే జనం మధ్య ఉంటాడు. నా లెక్కలో బ్విటీకున్న అసలు బలం అదే. లోపం కూడా చెప్పాలి: అక్కడ గుండెను పరీక్షించేవాళ్ళు ఉండరు, దీక్షలో చనిపోయినవాళ్ళూ ఉన్నారు. 2000లో గాబన్ ఇబోగాను జాతీయ వారసత్వంగా ప్రకటించింది.

ఇక మాత్ర. 1901లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఈ వేరు నుంచి ఇబోగైన్‌ను వేరుచేశారు. 1930ల చివర్లో ఫ్రాన్సులో లాంబరెనే అనే బలం మాత్ర అమ్మకానికి వచ్చింది. గాబన్‌లోని ఊరి పేరే దానికి పెట్టారు. ఒక్కో బిళ్ళలో కొద్ది మిల్లీగ్రాములే. 1962లో న్యూయార్క్‌లో హెరాయిన్ అలవాటున్న 19 ఏళ్ళ హవర్డ్ లాట్సాఫ్ ఇబోగైన్‌ను సరదాకి మింగాడు. తీరా మత్తు దిగాక చూసుకుంటే హెరాయిన్ కోసం తపన లేదు, మానేస్తే వచ్చే ఒళ్ళునొప్పులు, వణుకు కూడా లేవు. 1985లో ఆ వాడకానికి పేటెంట్ తీసుకున్నాడు. అమెరికా మాత్రం 1970 నాటికే ఇబోగైన్‌ను నిషేధిత మందుల మొదటి జాబితాలో పెట్టేసింది. దాంతో రోగులు సరిహద్దు దాటి మెక్సికో వెళ్ళసాగారు.

లాట్సాఫ్ చెప్పింది కట్టుకథ కాదు. ఓపియాయిడ్లు (హెరాయిన్, దాని తరహా మత్తు, నొప్పి మందులు) మానేటప్పటి బాధను ఇబోగైన్ బాగా తగ్గిస్తుందని తర్వాతి పరిశీలనల్లోనూ కనిపించింది. కాలేయంలో అది నోరిబోగైన్‌గా మారి రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది. తపన కొన్నాళ్ళు అణిగి ఉండటానికి అదొక కారణం కావచ్చు. ఆ తర్వాత? మెక్సికోలో వైద్యం తీసుకున్న 30 మందిని వెంబడించి చూసిన ఒక అధ్యయనంలో, నెల తర్వాత గత 30 రోజుల్లో ఓపియాయిడ్ ముట్టనివారు సగం మంది. మూడో నెలకు మూడోవంతు. చెడ్డ ఫలితమేమీ కాదు. ప్రచారంలో వినిపించే ఒక్క రాత్రి మాటకు మాత్రం ఇది సరిపోదు.

ప్రమాదం గుండెలో ఉంది. కండరం మళ్ళీ కొట్టుకోవడానికి సిద్ధమయ్యే వ్యవధిని ఇబోగైన్ సాగదీస్తుంది, ఈసీజీలో క్యూటీ అంటారు దాన్ని. అది హద్దు మీరితే లయ తప్పి గుండె ఆగిపోవచ్చు. 1990 నుంచి 2008 వరకు ఇబోగైన్ తీసుకున్న కొద్దిరోజుల్లోపే చనిపోయిన 19 మంది వివరాలను పరిశోధకులు 2012లో ప్రచురించారు. న్యూజిలాండ్‌లో డాక్టరు చీటీ మీద ఇవ్వడానికి అనుమతి ఉంది. అక్కడ 14 మందితో చేసిన అధ్యయనంలోనూ ఒకరు చికిత్స మధ్యలోనే చనిపోయారు. ఇంకో ముప్పు గురించి జనం తక్కువ మాట్లాడతారు. కొన్నాళ్ళు మానేసిన ఒళ్ళు పాత మోతాదును తట్టుకోలేదు. ఇంటికొచ్చి ఎప్పటిలాగే హెరాయిన్ తీసుకుంటే అదే ఆఖరిసారి కావచ్చు. క్లినిక్ నుంచి నేరుగా విమానాశ్రయానికి పంపే పద్ధతి మీద నాకున్న అభ్యంతరం ఇదే: బ్విటీ నుంచి రసాయనాన్ని తెచ్చుకున్నారు, ఊరిని అక్కడే వదిలేశారు.

2024 జనవరిలో స్టాన్‌ఫోర్డ్ వాళ్ళు ప్రచురించిన ఫలితాలు ఆశ పెంచాయి. తలకు దెబ్బలు తగిలిన 30 మంది మాజీ సైనికులకు మెక్సికోలో మెగ్నీషియంతో కలిపి ఇబోగైన్ ఇస్తే, నెల తర్వాత కుంగుబాటు, ఆందోళన, యుద్ధ గాయాల మానసిక లక్షణాలు సగటున 80 శాతానికి పైగా తగ్గాయి. గుండెకు ఇబ్బంది రాలేదు. అయితే అది మత్తు మాన్పించే ప్రయోగం కాదు, పోల్చి చూడటానికి ఉత్తుత్తి మందు తీసుకున్న వర్గమూ లేదు. 2025లో టెక్సాస్ రాష్ట్రం ప్రయోగాల కోసం 5 కోట్ల డాలర్లు కేటాయించింది. జవాబు అలాంటి చోట్ల నుంచే రావాలి.

మూడోదాని మీద ఎవరూ సినిమా తీయరు. బుప్రినార్ఫిన్ బిళ్ళను నాలుక కింద పెట్టుకుని కరిగేదాకా ఆగాలి, అంతే. దృశ్యాలు లేవు, పూర్వీకులు కనిపించరు, రేపు మళ్ళీ పెట్టుకోవాలి. ‘ఒక మత్తు బదులు ఇంకో మత్తు’ అని బంధువులు దెప్పుతారు కూడా. కానీ ఫ్రాన్సులో 1995లో మామూలు డాక్టర్లు కూడా దీన్ని రాయడం మొదలుపెట్టాక, నాలుగేళ్ళలో ఓపియాయిడ్ మోతాదు మించి చనిపోయేవారు దాదాపు 80 శాతం తగ్గారు. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెథడోన్‌నూ దీన్నీ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మెథడోన్ కూడా క్యూటీని సాగదీయగలదు, బుప్రినార్ఫిన్‌తో ఆ భయం బాగా తక్కువ. మన దేశంలో సూదితో మత్తు ఎక్కించుకునేవారికి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఆధ్వర్యంలోని కేంద్రాల్లో ఈ చికిత్స ఉంది. ఆపేస్తే చాలామంది మళ్ళీ పాత దారి పడతారు, అది దీని పెద్ద లోపం.

ఇంట్లో హెరాయిన్‌కో నొప్పి మాత్రలకో బానిసైన మనిషి ఉంటే నా సలహా ఒక్కటే: ముందు బుప్రినార్ఫిన్. అది కుదరనివారికి ఇబోగైన్, అదీ ఆసుపత్రిలో, గుండె పరీక్షలతో, అనుమతి ఉన్న ప్రయోగంలో. బ్విటీని ఈ తూకంలో వేయడం అన్యాయం. అది గాబన్ జనం మతం.

మన తెలుగు రాష్ట్రాల్లో అసలు బెడద హెరాయిన్ కంటే సారా, బ్రాందీ, కల్తీ కల్లు. కల్లులో కలిపే ఆల్ప్రజోలం అనే మత్తుమందు ఒక్కసారిగా ఆగిపోతే ఏమవుతుందో 2015లో నిజామాబాద్ వైపు చూశాం, ఫిట్స్‌తో, పిచ్చి చేష్టలతో జనం ఆసుపత్రుల పాలయ్యారు. దానికి ఇబోగైన్ మందు కాదు. పైగా అసలే ఫిట్స్ వచ్చే స్థితిలో తీసుకుంటే మరింత ప్రమాదం. బుప్రినార్ఫిన్ కూడా ఆ పని చెయ్యదు. డాక్టరు కనుసన్నల్లో మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ రావాల్సిందే. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి.