ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్: ఆస్తుల లెక్క దొరుకుతుంది, చేసిన పని లెక్క దొరకదు

లోక్‌సభకు పోటీ చేయాలంటే రాజ్యాంగం 84వ అధికరణ ప్రకారం భారత పౌరుడై ఉండాలి, 25 ఏళ్లు నిండాలి. చదువు ఎంత, ఇంతవరకు ఏం పని చేసి బతికావు అన్నదాన్ని చట్టం పోటీకి అర్హతగా పెట్టలేదు. ఆ సంగతి ఓటరే చూసుకోవాలి. అందుకు మనకు సర్కారు ఇచ్చిన పనిముట్టు ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్. అభ్యర్థులు నామినేషన్‌తో పాటు ఇచ్చే ప్రమాణ పత్రాలు (అఫిడవిట్లు) అందులో ఉంటాయి. శ్రీకాకుళం, విజయనగరం ఓటర్లకు ఇది ఎంతవరకు అక్కరకొస్తుందో చూద్దాం.

వెతకడం కష్టమేమీ కాదు. ఎన్నిక, రాష్ట్రం, నియోజకవర్గం ఎంచుకుంటే పేర్లు వస్తాయి. మన దగ్గర తికమక పడేది నియోజకవర్గం దగ్గరే. ఎచ్చెర్ల శ్రీకాకుళం జిల్లాలో ఉన్నా లోక్‌సభకు విజయనగరం కిందికి వెళ్తుంది. పాలకొండ, పార్వతీపురం, సాలూరు వాళ్లు అరకులో వెతకాలి. జిల్లా పేరు పట్టుకుని వెళ్తే వేరే ఊరి అభ్యర్థుల కాగితాలు చదువుతూ కూర్చుంటాం. పేర్లు వచ్చాక పోటీలో మిగిలినవాళ్లను మాత్రమే చూపించమని ఎంచుకోండి, లేదంటే ఉపసంహరించుకున్నవాళ్లు, తిరస్కరణకు గురైనవాళ్లు అందరూ కలిసి కనబడతారు. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల వరకు నామినేషన్ వేయొచ్చు కాబట్టి ఒకే మనిషికి రెండు మూడు అఫిడవిట్లు ఉండొచ్చు. గడులు ఖాళీగా వదిలితే రిటర్నింగ్ అధికారి నోటీసు ఇచ్చి మళ్లీ నింపిస్తారు. అందుకని చివరగా దాఖలైనదే చదవాలి.

ఫైలు మాత్రం ఇబ్బంది పెడుతుంది. స్కాన్ చేసిన బొమ్మ కావడంతో అక్షరాలతో వెతకడం కుదరదు. చేతిరాత మీద నోటరీ ముద్ర పడితే అంకెలు చదవలేం. ఫోన్లో కళ్లు నొప్పెట్టించుకునే కంటే ప్రింటు తీయించుకోవడం మేలు.

ఇక అసలు విషయం. ఆ కాగితం పేరు ఫారం 26. అందులో వృత్తి అడిగేది 9వ అంశం. దాని పక్కనే 9ఎ ఆదాయం ఎక్కడినుంచి వస్తుందో, 9బి ప్రభుత్వ కాంట్రాక్టులు ఏమున్నాయో అడుగుతాయి. 9వ అంశానికి ఒక్క మాట రాస్తే సరిపోతుంది. వ్యవసాయం, వ్యాపారం, సమాజ సేవ. ఎన్నేళ్లు చేశారు, ఎక్కడ చేశారు, ఆ పనిలో ఎంతమందికి కూలి ఇచ్చారు, నష్టమొస్తే ఎవరు మోశారు, ఏదీ రాయనక్కర్లేదు. పార్లమెంటులో పంట బీమా మీద మాట్లాడబోయే మనిషి పొలం గట్టు ఎక్కాడో లేదో ఈ ఒక్క మాట చెప్పదు.

అయినా మిగతా గడులతో కలిపి చదివితే కొంత తెలుస్తుంది. వ్యవసాయం అని రాసినవాళ్ల 7వ అంశంలో సర్వే నంబర్లు, ఎకరాలు, వారసత్వమా కొన్నదా అన్నది ఉంటుంది. ఆ సర్వే నంబరు రాష్ట్ర భూరికార్డుల సైటు మీభూమిలో వేసి అడంగల్ (సాగు రికార్డు) తీస్తే అనుభవదారు, అంటే భూమి ఎవరి సాగులో ఉందో, ఏ పంటో వస్తుంది. కానీ కౌలుకిచ్చిన భూమి అయినా అనుభవదారు గడిలో కౌలు రైతు పేరు తరచూ ఎక్కదు కాబట్టి అడంగల్ ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పకూడదు. 4వ అంశంలో అయిదేళ్ల ఆదాయం సున్నా అని ఉంటే వెంటనే అనుమానించాల్సిన పని కూడా లేదు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, అక్కడ కనబడదు. అదే వ్యాపారం అని రాసి, సంస్థల్లో పెట్టుబడి సున్నా, 8వ అంశంలో బ్యాంకు అప్పు సున్నా అని ఉంటే మాత్రం అడగాలి. పలాసలో జీడిపప్పు కార్ఖానా నడిపేవాళ్లలో సరుకు కొనడానికి బ్యాంకు అప్పు లేకుండా నడిపేవాళ్లు అరుదు.

5వ అంశంలో కేసుల సంఖ్య చూసి ఆగిపోవద్దు, సెక్షన్లు చదవండి. పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 188 (అధికారి ఉత్తర్వు ఉల్లంఘన), 341 (అక్రమంగా అడ్డగించడం) ఎక్కువగా ధర్నాలు, రాస్తారోకోల్లో పెట్టేవి. సోంపేట, కాకరాపల్లి థర్మల్ విద్యుత్ కేంద్రాల వ్యతిరేక ఉద్యమాల్లో ఎంతోమంది పల్లె జనం మీద కేసులు పడ్డాయి. అలాంటి కేసు కూడా ఒక అనుభవమే. 420 (మోసం), చెక్ బౌన్సు వేరే కథ.

ఇక్కడే ఈ వ్యవస్థలో పెద్ద లోటు ఉంది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, క్రిమినల్ కేసులున్న అభ్యర్థిని ఎందుకు ఎంచుకున్నామో పార్టీ రాతపూర్వకంగా చెప్పాలి. గెలుస్తాడని ఎంచుకున్నాం అంటే కుదరదు, అర్హత, సాధించిన పనులు చూపాలి. ఆ పత్రం పేరు సీ7. కేసు లేని అభ్యర్థి గురించి పార్టీ ఒక్క ముక్క కూడా రాయనక్కర్లేదు. కేసులు లేనివాళ్ల అర్హతలు కూడా ఓటరుకు తెలియాలి కదా. ప్రతి అభ్యర్థికీ సీ7 లాంటిది తప్పనిసరి చేయాలి, 9వ అంశంలో ఏళ్లు, ఊరు, పని వివరం చేర్చాలి.

అనుభవాన్ని పోటీకి అర్హతగా పెట్టాలనడం మాత్రం తప్పు. జీడి పిక్కలు కొట్టే ఆడమనిషికి, గుజరాత్ వెళ్లి వేట చేసే ఎచ్చెర్ల మత్స్యకారుడికి అనుభవం బోలెడు, దాన్ని నిరూపించే కాగితం ఉండదు. జనరల్ అభ్యర్థికి 25,000 రూపాయల డిపాజిట్టే వాళ్లకు అడ్డుగోడ, దానికి ఇంకోటి తోడవుతుంది.

అనుభవం ఎంత పనికొస్తుందో మన శ్రీకాకుళం జిల్లా చరిత్రే చెబుతుంది. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లిన వి.వి.గిరి అప్పటికే రైల్వే కార్మికుల నాయకుడు. కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక, బ్యాంకు ఉద్యోగులకు వచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో పదవి వదిలేశారు. 2009లో శ్రీకాకుళం నుంచి గెలిచిన కిల్లి కృపారాణి డాక్టరు. 2014లో రామ్మోహన్ నాయుడు 26 ఏళ్లకే గెలిచి, మూడోసారి గెలిచాక 2024 జూన్‌లో కేంద్ర మంత్రి అయ్యారు. వయసు తక్కువ, ఉద్యోగ అనుభవం తక్కువ అన్నంత మాత్రాన తీసిపారేయలేం, సభలో ఏం చేశారో చూడాలి. దానికి లోక్‌సభ సైటులో సభ్యుడి పేజీ తెరిస్తే ప్రశ్నలు, చర్చలు ఉంటాయి. మంత్రులు ప్రశ్నలు వేయరు కాబట్టి వాళ్ల పేజీలో సంఖ్య చూసి పోల్చకూడదు.

మొత్తమ్మీద ఆస్తులు, కేసులకు ఈ పోర్టల్‌కు అయిదుకు నాలుగు మార్కులు. పని అనుభవానికి ఒకటి. చదవడానికి దొరికే టైము కూడా తక్కువే. 2024లో ఉపసంహరణ గడువు ఏప్రిల్ 29న ముగిస్తే పోలింగ్ మే 13న జరిగింది. అఫిడవిట్‌లో రాసింది అబద్ధమని మీ దగ్గర ఆధారం ఉంటే, నోటరీ చేయించిన ప్రతి-అఫిడవిట్ రిటర్నింగ్ అధికారికి ఇవ్వొచ్చు. దాన్ని కూడా నోటీసు బోర్డులో పెడతారు. అబద్ధపు అఫిడవిట్‌కు ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.